నిద్ర చేసిన ఊళ్ళు

మా ప్రయోగశాలకు మొదటి శత్రువు పిన్నీసు. వచ్చిన ప్రతి ఆడమనిషి పుస్తెలతాడుకీ రెండో మూడో వేలాడుతుంటాయి. గదిలో రవ్వంత ఇనుమున్నా పెట్టె పిచ్చి లెక్కలు చెబుతుంది. అందుకని గుమ్మం బయట ఓ పచ్చడి జాడీ పెట్టి, పిన్నీసులన్నీ తీసి అందులో వేయమంటాం. పరీక్ష అయ్యాక తమ ఫలితం చూసుకునే సంబరంలో వాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. మూడేళ్ళలో ఆ జాడీ రెండుసార్లు నిండింది.

పెట్టెకు కాగితాల మీద బారెడు పేరుంది. మేమంతా నాలుగు దిక్కుల పెట్టె అంటాం. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల వెనక ఎముకకు రెండు చిన్న గిన్నెల్లాంటివి ఆనిస్తే, ఇరవై నిమిషాల్లో నాలుగు అంకెలు చెబుతుంది. పుట్టినప్పటి నుంచి ఆ మనిషి ఉత్తరాన ఎంతదూరం వెళ్ళాడు, దక్షిణాన ఎంతదూరం, తూర్పున ఎంత, పడమర ఎంత. ఎప్పుడు వెళ్ళాడో చెప్పదు. ఎందుకు వెళ్ళాడో, ఎవరితో వెళ్ళాడో అసలే చెప్పదు. ఆ నాలుగు కొసలు మాత్రమే.

లోపలి చెవిలో కంటికి ఆనని రేణువులున్నాయి. వాటిలో కాస్త ఇనుము ఉంది. భూమి ఒక్కోచోట ఒక్కో తీరుగా ఆ ఇనుమును లాగుతుంది. అంతకుముందు ఎరగని లాగుడు తగిలితే రేణువులు కొంచెం జరిగి అక్కడే బిగుసుకుంటాయి. ఎరిగినదైతే కదలవు. వరద తీశాక గోడ మీద మిగిలే నీటి చారలాంటిదన్నమాట. కాకపోతే దానికి తల కొన్ని గంటలపాటు కదలకుండా ఉండాలి, అంటే మనిషి నిద్రపోవాలి. రైల్లో దాటిపోయిన ఊరు లెక్కలోకి రాదు. ఓడలో పడుకున్నా రాదు, చుట్టూ ఇనుము కాబట్టి. గుళ్ళో ఒక రాత్రి నిద్ర చేస్తేనే మొక్కు తీరుతుందని మనవాళ్ళంటారే, పెట్టెదీ అదే పద్ధతి. నిద్ర చేసిన ఊరే ఊరు.

దీన్ని కనిపెట్టింది మా డైరెక్టరు మృత్యుంజయరావు గారు. పెట్టె గీసే గజిబిజి గీతల్లోంచి చెత్త ఏరి పారేసి, మిగిలినదాన్ని నాలుగు అంకెలుగా మార్చే ప్రోగ్రాం రాసింది నేను. నా పేరు పైడితల్లి. ఈ కథలో తప్పెవరిదా అని మీరు వెతుక్కునే పనిలేదు, నాదే.

కిందటి శ్రావణంలో మా ఇంట్లోవాళ్ళని పెట్టె చూడ్డానికి రమ్మన్నాను. వచ్చింది ఇద్దరే. మా అప్ప నూకరత్నం, ఆమె భర్త సోమలింగం బావ. మా విశాఖ వైపు అక్కని అప్ప అంటాం. బావ నలభై ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజన్ ఫిట్టరుగా పనిచేసి, భీమిలిలో ఇల్లు కట్టుకుని, ఇప్పుడు వీధిలో అందరి మోటార్లూ మిక్సీలూ ఊరికే బాగుచేసి పెడుతుంటాడు. మనిషి సరదా మనిషి. గిన్నెలు చెవులకు ఆనిస్తుంటే నవ్వాడు.

"ఏటి మరదలా, దీనికి నేను సెప్పాలా, ఇదే నాకు సెప్తాదా?"

"ఇదే చెబుతుంది. నువ్వు కదలకు బావా."

"నలభై ఏళ్ళు ఇంజన్ రూములో కూకున్నోణ్ణి, ఇరవై నిమిషాలకేటి!"

అప్ప ఖాళీ పుస్తెలతాడు కొంగు చాటున దాచుకుని తెర ముందు నిలబడింది. ముందు దక్షిణం వచ్చింది: డర్బన్. "అవునవును, అక్కడ పదిరోజులు ఒడ్డున ఉన్నాడు" అంది మురిపెంగా. తూర్పు: మనీలా. పడమర: లాగోస్. ప్రతిదానికీ తల ఊపింది. భర్త చెప్పిన ఊళ్ళన్నీ ఆమెకు మేనత్తల ఊళ్ళంత చనువు. ఆఖరుకు ఉత్తరం వచ్చింది.

కలకత్తా.

అప్ప మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఇంకోసారి సూడు" అంది.

ఇంకోసారి చూశాను. కలకత్తా.

ఆ మాట అప్పకు ఎంత లోతున తగిలిందో చెప్పాలంటే ముప్పై ఆరేళ్ళు వెనక్కి వెళ్ళాలి. వాళ్ళకు నీలవేణి అని ఒక్కతే కూతురు. ఆరేళ్ళ పిల్ల. ఆ ఏడు డిసెంబరులో మెదడువాపు జ్వరం వచ్చి పదకొండు రోజుల్లో పోయింది. బావ అప్పుడు రష్యాలో, ఉత్తరపు కొసన ఉండే మూర్మాన్స్క్ రేవులో ఉన్నాడు. మంచు గడ్డకట్టిన నిచ్చెన మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే, అక్కడి ఆసుపత్రిలో దించేసి ఓడ వెళ్ళిపోయింది. ఏప్రిల్‌లో చేతికర్రతో ఇంటికి వచ్చాడు. వచ్చేసరికి నీలవేణి గౌన్లు కూడా ఎవరికో ఇచ్చేశారు. తర్వాత వాళ్ళకు పిల్లలు లేరు.

పిల్ల పోయిన నెలలోనే ఓడల్లో పనిచేసే పక్కవీధి ఖలాసీ ఒకడు వచ్చి, "మీ ఆయన్ని మొన్న కలకత్తాలో సూశానమ్మా" అన్నాడు. అప్ప వాణ్ణి చేటతో కొట్టినంత పని చేసి పంపేసింది. కలకత్తా అంటే ఒక్క రాత్రి రైలు ప్రయాణం. బిడ్డ చావుబతుకుల మధ్య కొట్టుకుంటున్నప్పుడు తండ్రి ఒక్క రాత్రి దూరంలో ఉండి రాలేదంటే ఎవరు నమ్ముతారు? అప్ప నమ్మలేదు. ముప్పై ఆరేళ్ళు నమ్మలేదు. బావ కాగితాలు, ఆసుపత్రి చీటీలు దాచిన రేకుపెట్టె హుద్‌హుద్ తుఫానులో తడిసి ముద్దయినప్పుడు కూడా, "పోతే పోనీ, నాకు తెల్దా" అంది.

ఇప్పుడు తెర మీద కలకత్తా అని ఉంది. అంటే ఆయన అంతకంటే ఉత్తరాన ఎన్నడూ నిద్ర చేయలేదన్నమాట.

బావ గిన్నెలు తీసి పక్కన పెట్టి తెర చూశాడు, తర్వాత అప్పను చూశాడు. "రత్నం, నేను ఆ మూర్మాన్స్క్ ఊళ్ళోనే ఉన్నాను" అన్నాడు.

"మరి పెట్టె అబద్దమాడతాదా? అది రాసింది నా సెల్లి."

బావ నా వైపు తిరిగాడు. ఆ ఒక్క క్షణం నేను నోరు తెరిచి, "పెట్టె తప్పు కావచ్చు అప్పా" అని ఉంటే ఈ కథే లేదు. అనలేదు. రెండువందల నలభై మూడు మందిని పరీక్ష చేసి ఉన్నాను, ఒక్కరికీ తప్పు రాలేదు. నిజం చెప్పాలంటే నేను బావని నమ్మలేదు, పెట్టెనే నమ్మాను. ఆయన అది నా మొహంలో చదువుకున్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆ రోజు అప్ప పిన్నీసులు కూడా జాడీలోనే ఉండిపోయాయి.

వారం తిరక్కుండా అప్ప సంచితో మా ఇంటికి వచ్చేసింది. "అడిగితే సెప్పడు. ఒకటే మాట, ఆ ఊళ్ళోనే ఉన్నాను అని. కొట్టినా బాగుణ్ణు, తిట్టినా బాగుణ్ణు. గోడకి సెప్పుకున్నట్టుంది" అని ఏడ్చింది. నాకు పెళ్ళి కాలేదు, ఇంట్లో ఒక్కదాన్నే. తోడు దొరికిందని లోపల్లోపల సంతోషించాను కూడా. ఎంత పాపిష్ఠిదాన్నో చూడండి.

అవతల పెట్టెకు మంచి రోజులొచ్చాయి. ఊరూ పేరూ తెలియని శవాలు దొరికినప్పుడు పోలీసులు మా దగ్గరకు వచ్చేవారు. నాలుగు కొసలు తెలిస్తే ఏ రాష్ట్రంలో వెతకాలో తెలుస్తుంది. అలా ఇద్దరిని వాళ్ళ ఇళ్ళకు చేర్చగలిగాం. మంచి పనే. తర్వాత పెళ్ళిళ్ళ పేరయ్యలు మొదలుపెట్టారు: అబ్బాయి దుబాయి వెళ్ళానంటున్నాడు, నిజమేనా? మామిడికాయలు పట్టుకొచ్చి మరీ అడిగేవారు. మాఘమాసానికి పై ఆఫీసు నుంచి ఓ ముసాయిదా వచ్చింది. ఫలానా చోట ఉన్నాను, లేను అనే తగాదాల్లో ఇకమీదట పెట్టె మాటే తుది సాక్ష్యం. కింద డైరెక్టరు గారి సంతకం, నా సంతకం కావాలి. సోమవారం పంపాలి.

ఆ ముందు శనివారం ఇంట్లో కొత్త బీరువా దింపారు. అది పట్టక అప్ప గదిలో మంచం అడ్డం తిప్పించాను. మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీయబోయిన అప్ప గదిలోంచి కేకేసింది.

"ఏటే ఇది! ఉత్తరం తల పెట్టుకుని పడుకోమంటావేటి నన్ను?"

"రెండు రోజులే అప్పా. బీరువా జరిపిస్తాను."

"రెండు నిమిషాలైనా నావల్ల కాదు. పట్టు అటు." అప్పటికే ఒక కోడు పట్టుకుని లాగుతోంది. "లోకం తిరిగినోల్లంతా ఇంతే. మీ బావా ఇంతే. ఆ కర్ర పట్టుకుని ఓడ దిగొచ్చాక ఏడాది పొడుగునా ఉత్తరం తలే. పొద్దున నేను మంచం తిప్పడం, పడుకోబోయే ముందు మల్లా తిప్పీడం. ఎన్ని తిట్లు తిన్నాడో మారాజు."

నేను రెండో కోడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"లాగవేటే?"

"అప్పా, బావ అంతకుముందు ఎటు తల పెట్టి పడుకునేవాడు?"

"అందరిలాగే. దక్షిణం."

అందరిలాగే. మంచం సరిచేసి, చెప్పులు వేసుకుని, సెలవు రోజని కూడా చూడకుండా ప్రయోగశాలకు వెళ్ళాను.

బావకు ముందు చూసిన రెండువందల నలభై మూడు మంది. ఢిల్లీ వెళ్ళినవాళ్ళు, లండన్‌లో చదివినవాళ్ళు, కాశీకి వెళ్ళొచ్చిన ముసలమ్మలు. అందరూ మన చుట్టుపక్కల వాళ్ళే. ఊయల నుంచీ ఉత్తరం తల వద్దని ఇంట్లో పెద్దవాళ్ళు తిప్పి తిప్పి పడుకోబెట్టినవాళ్ళే. ఏ దేశం వెళ్ళినా ముందు తూర్పెటో కనుక్కుని, ఆ తర్వాతే పరుపు దులుపుతారు. తల దక్షిణానికో తూర్పుకో ఉంటే గుర్తు ఒక తీరుగా పడుతుంది. ఉత్తరానికి ఉంటే అదే గుర్తు తిరగబడి పడుతుంది. అలా తిరగబడ్డవి మాకు ఒకటీ అరా కనిపించాయి, హోటల్ పడకల్లో పడినవి కాబోలు. వాటిని చెత్త అనుకున్నాను. తిరగబడ్డ గుర్తు ఏది కనిపించినా తీసి పారెయ్యమని ప్రోగ్రాంలో రాశాను. ఒక్క వరుస. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

పారేసిన వాటిని ఒక ఫైలులో దాచే అలవాటు మాత్రం ఉంది. బావది తెరిచాను. సన్న గీతల మధ్య ఒక్కటి నాగటిచాలంత లోతుగా ఉంది, ఒకటి రెండు రాత్రులది కాదు, నెలల తరబడి కదలని తలది. దాన్ని తిరగేసి లెక్క కట్టాను. అరవై తొమ్మిది డిగ్రీల ఉత్తరం. మూర్మాన్స్క్. దాన్ని పారేస్తే మిగిలిన ఉత్తరపు కొస, ఓడలెక్కే రోజుల్లో ఎప్పుడో పడుకున్న కలకత్తా.

ముందు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ తర్వాత కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఆయన ఒక్క మాట చెప్పాడు, అది నిజం. ఆ మాటను చెత్తలో వేసింది నేను.

ఆదివారం పొద్దున్నే మృత్యుంజయరావు గారింటికి వెళ్ళాను. పూజ చేసుకుని, విభూతితో వచ్చి కూర్చున్నారు.

"సార్, మీరు ఎటు తల పెట్టి పడుకుంటారు?"

"దక్షిణానికి. ఏం?"

"దక్షిణానికే ఎందుకు?"

"మా అమ్మ చెప్పింది."

"నాకూ మా అమ్మే చెప్పింది సార్. ఆ రెండువందల నలభై మూడు మందికీ వాళ్ళ అమ్మలే చెప్పారు."

బావ గీత ఆయన ముందు పెట్టాను. తెలివైన మనిషి, రెండుసార్లు చెప్పించుకోలేదు. కాగితం తీసుకుని ఆ గీత వెంట వేలు పోనిచ్చారు. తొమ్మిదేళ్ళు ఆయన ఆ పెట్టె తప్ప ఇంకేమీ తలవలేదు.

"పోలీసులకు చెప్పిన శవాలు ఎన్ని పైడితల్లీ?"

"పద్నాలుగు. అన్నీ మళ్ళీ చూడాలి సార్. ఎవరినైనా మనం తప్పు ఊళ్ళో వెతికించామేమో."

"చూద్దాం. ముసాయిదా పంపొద్దు. ఎందుకు పంపడం లేదో నేనే రాస్తాను." గుమ్మం దాకా వచ్చి, "మీ బావగారికి నా తరఫున కూడా చెప్పండి" అన్నారు.

అక్కణ్ణుంచి ప్రయోగశాలకు వెళ్ళి ఆ పద్నాలుగు ఫైళ్ళూ తీసిపెట్టి, మధ్యాహ్నం భీమిలి బస్సెక్కాను. వెళ్ళేసరికి నాలుగైంది. బావ వసారాలో ఎవరిదో మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. ఆరు నెలల్లో చిక్కిపోయాడు. పక్కన పీట మీద విప్పిన మరమేకులు వరసగా పేర్చి ఉన్నాయి.

"రా మరదలా. మీ అప్ప బాగుందా?"

"బావా, ఆ ఆసుపత్రిలో నీ తల ఎటుండేది?"

స్క్రూడ్రైవరు ఆగింది. "ఉత్తరానికి" అన్నాడు.

జరిగిందంతా చెప్పాను. కాగితం తీసి చూపించాను. చేతులకు గ్రీజు ఉందని ముట్టుకోకుండా వంగి చూశాడు. "అరవై తొమ్మిది. అంతే. ఓడ పటంలో కూడా అంతే ఉండీది" అన్నాడు, అంతకు మించి ఏమీ లేనట్టు.

"నన్ను క్షమించు బావా. ఇప్పుడే అప్పకి ఫోన్ చేస్తాను."

"ఒద్దు."

"అదేంటి?"

"ముప్పై ఆరేళ్ళు నా మాట మీద ఉంది మీ అప్ప. ఒక కాగితం సూసి ఎల్లిపోయింది. ఇంకో కాగితం సూసి వొస్తాది. రేపు మూడోది వొస్తే? ఈ వయసులో నేను కాగితాల కింద బతకాలేటి?"

"తప్పు నాది. చెప్పుకోనివ్వు."

"ఊరంతా సెప్పుకో. తనకి మాత్రం వొచ్చాక సెప్పు. రాకముందు ఒద్దు."

"రాకపోతే?"

బావ ఒక మర తీసి దీపానికి పెట్టి చూసినట్టు ఎండకు పెట్టి చూశాడు. "రాకపోతే రాదు" అన్నాడు.

ఉత్తరం తల ఎందుకు పెట్టుకున్నావని అడిగాను. "అది మీ అప్ప అడగవలసింది" అని తల దించుకుని పనిలో పడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక నేను పీట దగ్గరే కూర్చున్నాను. ఆయనకు మాటిస్తే అప్పకు అన్యాయం, అప్పకు చెబితే ఆయనకు. చదువుకున్న చదువంతా ఆ వసారాలో ఎందుకూ పనికి రాలేదు.

అయిదున్నరకు వీధిలో ఆటో ఆగింది. అప్ప దిగింది. చేతిలో అదే సంచి. నేను కాగితం చటుక్కున ఒళ్ళో దాచుకున్నాను.

"నువ్విక్కడేటే? పొద్దుటి నుంచి కానరావు" అని నన్ను ఓ కసురు కసిరి, సంచి మెట్టు మీద పెట్టి, బావ ఎదురుగా నిలబడింది. బావ లేవలేదు.

"నిన్న మంచం తిప్పిన కాడ్నుంచి ఒకటే ఆలోచన. ఏడాది పొడుగునా ఎవడైనా నిద్దట్లో అబద్దమాడతాడేటి? ఆ అలవాటు నీకెక్కడో పడాల. కలకత్తాలో మనోల్ల సత్రాల్లో ఎవడు పడుకోనిస్తాడు నిన్ను ఉత్తరం తల? పెట్టెకి నువ్వు తెల్దు. నాకు తెలుసు. తెలిసీ మరిసిపోనాను. నా బుద్ది గడ్డి తింది."

బావ మిక్సీని పక్కకు జరిపాడు. "కూకో" అన్నాడు.

అప్ప మెట్టు మీదే కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఒకటి సెప్పు. అలాగెందుకు పడుకునీవోడివి? అప్పుడు తిట్టేను గానీ అడగలేదు" అంది.

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "తుంటికి బరువులు కట్టి కదలనిచ్చీవోరు కాదు. మొదట నా మంచం కూడా దక్షిణం తలకే ఉండీది, ఎదర ఉత్తరం గోడ. ఆ పూటే, నేనింకా కన్ను మూయకముందే, తంతి వొచ్చింది, పాపకి జొరమని. కిటికీ ఏమో నా తలెనకాల, దక్షిణం గోడకి. భాష రాదు. నర్సమ్మకి సైగ చేసినాను, మంచం తిప్పమని. తల ఉత్తరానికి పెడితే కళ్ళు దక్షిణానికి ఉంటాయి కదా. ఇల్లు అటే."

అప్ప ఆయన వైపు జరిగింది. "కిటికీలోంచి ఏటి కనిపించీది?"

"ఏటీ లేదు. ఆ నెలంతా ఆ ఊళ్ళో సూరీడు రాడు. అద్దంలో నా మొహమే. రెండో తంతి వొచ్చినాక కూడా అటే సూసీవోణ్ణి."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. అప్ప చెయ్యి చాచి బావ మోకాలి మీద పెట్టింది. ఆయన ఆ చేతి మీద తన గ్రీజు చెయ్యి వేశాడు. నాకు అక్కడ ఉండకూడదనిపించింది, వెళ్ళాలనీ అనిపించలేదు.

అప్ప వచ్చింది కాబట్టి నా వంతు వచ్చింది. ఒళ్ళోంచి కాగితం తీశాను. "అప్పా, తప్పు పెట్టెది కూడా కాదు, నాది. ఇదిగో, ఇందులో ఉంది. బావ మూర్మాన్స్క్‌లో..."

"తెలిసిందిలేవే" అని అప్ప కాగితం నా చేతిలోంచి తీసుకుంది. కళ్ళజోడు కోసం వెతుక్కోలేదు. పీట మీది మరలు ఒక్కొక్కటే ఏరి ఆ కాగితంలో పోసి, నాలుగు మూలలూ మడిచి పొట్లం కట్టి బావ చేతికిచ్చింది.

"పారేసుకోకు. మల్లా మిక్సీ వోల్లు వొచ్చి అడుగుతారు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "కాఫీ తాగి ఎల్దువు, ఉండు" అని సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది.